పంతొమ్మిదో ఎక్కం

రోజీ పోయిన రోజే ఆమె స్టాప్‌వాచ్ కూడా పోయింది.

ఆగస్టులో ఒక బుధవారం. తెల్లవారుజామున గ్రౌండులో ఆడపిల్లలను పరుగెత్తిస్తూ తల పట్టుకుని కూర్చుందట. నేను వెళ్ళేసరికి ఆటోలో పడుకోబెట్టారు. నూజివీడులో ఒక ఆసుపత్రి, అక్కడి నుంచి విజయవాడలో మరొకటి. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక నర్సు తెల్ల కవరులో గొలుసు, కమ్మలు, చేతి గడియారం పెట్టి ఇచ్చి, నా చేత సంతకం పెట్టించుకుంది. స్టాప్‌వాచ్ అందులో లేదు. ఇరవై రెండేళ్ళుగా నల్లతాడుతో ఆమె మెడలో వేలాడిన వస్తువు. ఆటోలో వెతికాం, గ్రౌండులో వెతికాం. దొరకలేదు. మనిషి పోయిన రోజున ఒక వస్తువు కోసం అంతగా వెతికానేమిటని తరువాత అనిపించింది. వెతకడానికి వీలున్నది అదొక్కటే.

నేను చాట్రాయి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా భార్య రోజీ అదే బడిలో పీఈటీ, ఆటల టీచరు. బడి గంటకు ముందు, పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే ఆడపిల్లలకు పరుగు నేర్పేది. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. ఒక్క సెకను దాటినా ఇంటికి పంపేస్తారు. మా గ్రౌండు చుట్టుకొలత రెండు వందల మీటర్లు, కాబట్టి ఎనిమిది చుట్లు. రోజీ దగ్గర నేర్చుకున్న ఆరుగురు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు.

ఆమె పోయాక పదకొండు మందిలో తొమ్మిది మంది నూజివీడులో కోచింగుకు మారిపోయారు. ఇద్దరు మిగిలారు. నవంబరులో ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆ ఇద్దరూ మా వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఒకరు కల్యాణి. కాయల కాలంలో మామిడి షెడ్డులో గ్రేడింగ్ చేస్తుంది, మిగతా కాలమంతా చాట్రాయిలోనే ఒక బట్టల కొట్లో పని. తొమ్మిదింటికల్లా కొట్లో ఉండాలి, అందుకే నూజివీడు వెళ్ళి రావడం కుదరలేదు. రెండో అమ్మాయి సింధూర. కల్యాణి వీధిలోనే ఉంటుంది, డిగ్రీ చదువుతోంది, తోడుకోసం వస్తుంది.

“ప్రిలిమ్స్ గట్టెక్కానండీ మాస్టారూ. జనవరి ఆఖర్లో ఏలూరులో పరుగు,” అంది కల్యాణి. “రేపట్నించి మీరు గ్రౌండుకి రావాలి.”

“నాకు పరుగేం తెలుసమ్మా?”

“మిమ్మల్ని పరుగెత్తమనటం లేదు గదండీ. నిలబడి టైం చూడండి చాలు.”

“మాస్టారికి నిలబడటం బాగా వచ్చక్కా,” అంది సింధూర. “మేం కాపీ కొట్టకుండా గంటసేపు క్లాసు కిటికీ దగ్గరే నిలబడేవోరు.”

కల్యాణి నవ్వలేదు. “ఇది నాకు ఆఖరుసారండీ. వచ్చే నోటిఫికేషన్‌కి వయసు దాటిపోద్ది. కాయితాలు కూడా ఒకసారి చూసిపెట్టండి,” అంటూ పాలిథిన్ కవరు ఒకటి నా చేతికిచ్చింది.

అన్నిటికన్నా కింద ప్రాథమిక పాఠశాల వాళ్ళిచ్చిన టీసీ ఉంది. చాట్రాయికి మూడు కిలోమీటర్ల దూరంలో, తోటల మధ్య ఉన్న చిన్న బడి. నా మొదటి ఉద్యోగం అక్కడే. పుట్టిన తేదీ దగ్గర జూన్ ఒకటి అని ఉంది. ఆ చేతిరాత నాదే.

తేదీ తెలియని పిల్లలందరికీ అప్పట్లో జూన్ ఒకటి వేసేవాళ్ళం. బళ్ళు తెరిచే నెల అది. సంవత్సరం తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోమనేవాళ్ళం. అందితే అయిదేళ్ళు నిండినట్టు. కల్యాణి నాకు గుర్తుంది. అక్కతో కలిసి వచ్చింది, అక్క కన్నా బాగా చిన్నది. చెవి అందుకుంది. అయిదేళ్ళని రాశాను. అయితే పలక పట్టుకోవడం చూసినప్పుడే మూడేళ్ళకు మించి ఉండవని అనుమానం వచ్చింది. దిద్దలేదు. ఇప్పుడు కాగితం మీద ఆ అమ్మాయికి ముప్పై రెండు. నిజానికి ముప్పై.

రేపు అయిదున్నరకు వస్తానని మాత్రం చెప్పాను.

రోజీ నోటుబుక్కు ఒకటి బీరువాలో ఉంది. పొడుగాటి రూళ్ళ పుస్తకం. ఆ రాత్రి తీసి మొదటి పేజీ చదివాను. ఆమె అక్షరాలు కొంచెం కుడివైపుకు వాలి ఉంటాయి. పై వరుసలో ఇలా ఉంది: ‘220 లోంచి వయసు తీసేయాలి. వచ్చిన దానిలో నూటికి 85 వంతులు. గుండె నిమిషానికి అన్నిసార్లు కొట్టుకునేదాకా పరుగెత్తవచ్చు. అది హద్దు. దాటితే కాళ్ళు త్వరగా పట్టేస్తాయి.’ పేజీ తిప్పలేకపోయాను. పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టాను. ఒక్క పేజీ చాలనుకున్నాను. అదొక సూత్రం, నేను లెక్కల మాస్టారిని.

220లోంచి 32 తీసేస్తే 188. అందులో నూటికి 85 వంతులంటే 160. ఛాతీకి కట్టుకునే బెల్టు ఒకటి తెప్పించాను. అది గుండె వేగాన్ని మణికట్టు మీది గడియారానికి పంపుతుంది. 160 దాటగానే కూత పెట్టేలా అమర్చాను. కూత వినపడితే వేగం తగ్గించాలని కల్యాణికి చెప్పాను. ఆ గ్రౌండులో మరొకరు తల పట్టుకుని కూర్చోవడం నేను చూడలేను. అది మాత్రం ఆమెకు చెప్పలేదు.

డిసెంబరు మొదటి వారంలో ఎనిమిది చుట్లూ టైం చూశాం. పక్క మామిడి తోటలో పూత ఇంకా రాలేదు, ఆకుల మీద మంచు ఉంది. మూడో చుట్టులోనే గడియారం కూయడం మొదలుపెట్టింది. కల్యాణి తగ్గించింది. కూత ఆగింది. మళ్ళీ వేగం పెంచింది, మళ్ళీ కూసింది. చివరికి గీత దాటేసరికి 11 నిమిషాల 20 సెకన్లు. యాభై సెకన్లు ఎక్కువ.

ఆమె బెల్టు ఊడదీసి నా చేతిలో పెట్టింది. “నాకు ఆయాసం రావట్లేదండీ. ఇది కూస్తంది, నేను ఆగుతున్నాను. ఇంకో నాలుగు చుట్లు కొట్టమన్నా కొడతాను.”

“హద్దు దాటకూడదమ్మా. లెక్క ప్రకారం…”

“ఏం లెక్కండీ? ఎవరి లెక్క?”

కల్యాణి వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు తెలుసనుకున్నాను. వయసు. నేను వేసిన రెండేళ్ళు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కల్యాణి తల్లి బసవమ్మ అరుగు మీద కందికాయలు ఒలుస్తోంది. కల్యాణి పక్కన కూర్చుని ఉంది, కొట్టు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. నేను నిలబడే చెప్పాను.

“బసవమ్మా, కల్యాణి వయసు రాసింది నేనే. రెండేళ్ళు ఎక్కువ వేశాను. సరిగ్గా రాసి ఉంటే ఈ అమ్మాయికి ఇంకో అవకాశం మిగిలేది.”

బసవమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “మీరెక్కడేశారండీ? నేనేయించాను. దాని చెయ్యి చెవికి అందలా. మీరు అటు బోర్డు వైపు తిరిగినప్పుడు నేనే దాని తలకాయ ఇటు వంచాను. పెద్దది బడికొచ్చేస్తే ఇదొక్కత్తీ ఎవరి దగ్గరుంటదండీ? కాయ కోతకి పోతా దీన్ని చెట్టుకి కట్టేసి పోనా?”

“అమ్మా!” అంది కల్యాణి.

“ఏంటే? రెండేళ్ళు ముందే చదువుకున్నావు గదా.”

“నీకేం, తలకాయ వంచేసి పోయావు. పరుగెత్తేది నేను.” కల్యాణి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇద్దరూ కలిసి నన్ను రెండేళ్ళు ముసలిదాన్ని చేశారు. ఇప్పుడు ఒక్క నిమిషం తగ్గించండి, చాలు.”

బసవమ్మ నాకు పీట వేసింది. నేను జేబులోంచి పెన్సిలు తీసి కల్యాణి హాల్‌టికెట్ జిరాక్సు వెనక మళ్ళీ లెక్క వేశాను. 220లోంచి 30 పోతే 190. నూటికి 85 వంతులంటే 161న్నర. అంతకుముందు వచ్చింది 160. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది. ఇన్ని రోజులు నేను మోసిన తప్పు ఆమె గుండె లెక్కలో రెండు దెబ్బల తేడా కూడా లేదు. యాభై సెకన్లు అక్కడ పోలేదు.

“మేడం మమ్మల్ని వయసెప్పుడూ అడగలేదండీ,” అంది కల్యాణి, కాగితం వైపు చూస్తూ.

“మరేం అడిగేది?”

“ఎక్కం అడిగేది.”

“ఏ ఎక్కం?”

“పంతొమ్మిదోది. పరుగెత్తుతా చెప్పమనేది. లేటుగా వచ్చినందుకు పనిష్మెంటేమో అనుకున్నాం మొదట్లో. తర్వాత లేటు కాని రోజు కూడా అడిగేది. సింధూరైతే, ‘లెక్కల మాస్టారితో కాపురం గదా, ఆ కోపం మన మీద తీర్చుకుంటంది’ అనేది.”

నాకు నవ్వు వచ్చింది. ఆగస్టు తరువాత నేను నవ్వింది అప్పుడే. బసవమ్మ కూడా నవ్వి, మళ్ళీ నా మొహం చూసి ఆపేసింది.

“ఈ సంగతి నాకు ముందే చెప్పలేదేమమ్మా?”

“మీరు అడగలేదు గదండీ. బెల్టు తెచ్చారు. బెల్టు గొప్పదేమో అనుకున్నాను.”

ఇంటికి వచ్చి బీరువా తీశాను. ఈసారి పేజీ తిప్పాను. రెండో పేజీ మొదటి వరుసలో ఇలా రాసి ఉంది: ‘ముందు పేజీలోది పుస్తకాల లెక్క. అది అందరి సగటు. సగటు మనిషి మన గ్రౌండులో పరుగెత్తదు. ఒకే వయసున్న ఇద్దరికి పది, పదిహేను తేడా ఉంటోంది. ఎవరిది వాళ్ళకు విడిగా చూడాలి.’

ఆ తరువాత ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క పేజీ. ప్రతి పేజీలోనూ మూడు గళ్ళు. వాటి మీద సా, తె, ఆ అని రాసి ఉంది. చివరి పేజీల్లో కల్యాణిది దొరికింది, ఆగస్టు తేదీతో. సా 156. తె 164. ఆ 184. మిగతా పేజీలు కూడా చూశాను. అంకెలన్నీ నాలుగుతో భాగించబడుతున్నాయి. అప్పుడు అర్థమైంది. రోజీ దగ్గర బెల్టు లేదు. పరుగు ఆపించి, మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టి, పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేసింది. ఆ గళ్ళకు అర్థమేమిటో మర్నాడు ఉదయం కల్యాణి చెప్పింది.

“ఊపిరి మధ్యలో తీసుకోకుండా వరస మొత్తం చెప్పగలిగితే సాఫీ అండీ. అదే సా. ‘పంతొమ్మిది ఆరుల’ అని, మధ్యలో ఊపిరి పీల్చి, ‘నూట పద్నాలుగు’ అంటే తెగినట్టు. ఇంక నోరు తెరిచినా మాట రాకపోతే ఆగినట్టు.”

“అంతేనా?”

“అంతేనండీ. కాకపోతే తెగినచోట మేడం సంతోషపడేది. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.”

అంటే హద్దులు రెండున్నాయి. ఎక్కం తెగే హద్దు ఒకటి, ఎక్కం ఆగే హద్దు ఒకటి. మొదటిదాని లోపల మనిషి గంటసేపైనా పరుగెత్తగలదు. రెండోది దాటాక కొద్ది నిమిషాలే. కల్యాణికి మొదటిదే 164. నేను 160 దగ్గర కూత పెట్టించి, ఆమెను నడకకు కొంచెం పైన నిలబెట్టాను.

ఆ ఉదయమే మళ్ళీ కొలిచాం. రోజీ రాసిన పద్ధతిలోనే, మొదటి చుట్టు నెమ్మదిగా, ప్రతి చుట్టుకూ అయిదు సెకన్లు తగ్గిస్తూ. చుట్టు చివర నా ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక వరస చెప్పాలి. తేడా ఏమిటంటే ఈసారి బెల్టు కూడా ఉంది, కూత మాత్రం ఆపేశాను. సింధూర గడియారంలో అంకె చదువుతూ పక్కన పరుగెత్తింది, మూడో చుట్టుకే ఆగిపోయి నడుము పట్టుకుని, “అక్కా, నీ గుండె నీ దగ్గరే ఉంచుకో, నాది పోయేట్టుంది,” అని గడియారం ఆమె చేతికే కట్టేసింది.

పంతొమ్మిది నాలుగుల డెబ్భై ఆరు సాఫీగా వచ్చింది. గడియారంలో 158. తరువాతి చుట్టులో తొంభై అయిదుకు ముందు ఊపిరి తీసింది. 165. ఆ తరువాత నాలుగు చుట్లకు నా ముందుకు వచ్చి నోరు తెరిచింది, మాట రాలేదు, చేయి మాత్రం ఊపింది. 183.

156, 164, 184. అవి రోజీ వేళ్ళు చెప్పినవి. యంత్రం చెప్పినవి 158, 165, 183. ఎక్కడా రెండుకు మించి తేడా లేదు. మూడు అంకెలూ కల్యాణి పేజీలో రోజీ అంకెల కింద రాశాను. చేతిరాత బాగా రావాలని నెమ్మదిగా రాశాను. రోజీ ఉంటే ఆ బెల్టును చూసి ఏమనేదో నాకు తెలుసు. ‘ఇదీ పాసయింది’ అనేది.

అప్పటి నుంచి పద్ధతి మారింది. వారంలో నాలుగు రోజులు ఎక్కం తెగకుండా పరుగు, నలభై నిమిషాలు, తోటల మధ్య మట్టిదారిలో. రెండు రోజులు తెగాలి, ఆగకూడదు. ఆదివారం సెలవు. క్రిస్మస్‌కు 10:58. జనవరి మొదటికి 10:44. పూత విరగబూసింది. తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో బడి వైపు వాసన వచ్చేది, ఆ రోజుల్లో ఊరి రోడ్డు మీదికి మారేవాళ్ళం. బట్టల కొట్లో కల్యాణి చీరలు మడతపెడుతూ ఎక్కం గొణుగుతుంటే, యజమాని లక్ష్మీనరసింహారావు గారు అది చీరల లెక్క అనుకుని, “ఎన్నొచ్చినయ్యమ్మా?” అని అడిగారట. “నూట డెబ్భై ఒకటండీ” అందట ఈమె. ఆయన మధ్యాహ్నం వరకు బీరువాలన్నీ వెతికించారని సింధూర వచ్చి చెప్పింది.

ఈ మధ్యలోనే విస్సన్నపేట నుంచి పాండురంగారావు ఫోను చేశాడు. సమాధుల మీద పలకలు చెక్కుతాడు. రోజీ పలక అతని దగ్గరే ఉంది.

“మాస్టారూ, పేరు చెక్కేశాను. పోయిన తేదీ చెక్కేశాను. పుట్టిన తేదీ మీరింకా చెప్పలా.”

“చెబుతాను.”

“సర్టిఫికెట్‌లో ఉంటది గదండీ? చూసి చెప్పండి, రెండు నిమిషాల పని.”

సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి అని ఉంది. రోజీది కూడా. మా అత్తగారు మగ్దలేనమ్మను అడిగాను. “జూనేంటి బాబూ? అది వరికోతలప్పుడు పుట్టింది. కుప్పలేస్తంటే నొప్పులొచ్చినయ్. జూన్‌లో కోతలుంటాయా?” అంది. ఏ ఏడాది అంటే, “ఉప్పెనొచ్చిన ఏడో, ఆ మరుసటేడో,” అంది. గుడివాడ దగ్గర వాళ్ళ పాత చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుందని చెప్పింది. పరీక్ష అయ్యాక వెళ్ళి చూస్తానన్నాను.

పరీక్షకు పది రోజుల ముందు కల్యాణి 10:33కు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. నాలుగు రోజులు అంతే. మూడు సెకన్లు. చుట్టు చుట్టుకూ గడియారం చూసుకుని, 180 దాటగానే తనే తగ్గించేస్తోంది. తగ్గించవద్దన్నా కాళ్ళు వినడం లేదంది. ఇంతలో కొత్త హాల్‌టికెట్ వచ్చింది. దాని వెనక సూచనల్లో, చేతి గడియారాలు, ఇతర పరికరాలు ఏవీ గ్రౌండులోకి అనుమతించం అని ఉంది. మూడు సెకన్లు ఎక్కువ, పైగా ఇప్పుడు గుండె ఎంత ఉందో చెప్పేది కూడా ఉండదు.

కల్యాణి ఆ కాగితం చదివి తేలిగ్గా నా చేతికిచ్చేసింది. “మేడం దగ్గర ఏనాడన్నా బెల్టుందా మాస్టారూ?”

మిగిలిన రోజులు బెల్టు లేకుండా పరుగెత్తింది. టైం చూడవద్దని నాకే చెప్పింది. చూడలేదు.

పరీక్ష రోజు మొదటి బస్సుకు నూజివీడు, అక్కడి నుంచి ఏలూరు. కల్యాణి రెండు ఇడ్లీలు తింది. బసవమ్మ ఏమీ తినలేదు, గిన్నెలో పెరుగన్నం మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది. గ్రౌండులోకి మమ్మల్ని రానివ్వలేదు. బయట గోడ పక్కన తల్లిదండ్రులందరూ ఇటుకలు, బండి సీట్లు, ఏది దొరికితే దాని మీద నిలబడ్డారు. నాకు ఒక సిమెంటు దిమ్మ దొరికింది. నా పక్కన ఉన్నాయన పేరు దుర్గాప్రసాద్, ఆయన కూతురు కూడా అదే బ్యాచిలో ఉంది. అక్కడి ట్రాకు నాలుగు వందల మీటర్లు, మా రెండు చుట్లు అక్కడ ఒకటి. మొత్తం నాలుగు.

విజిలు ఊదగానే ముప్పై మంది అమ్మాయిలు ఒక్కసారిగా దూకారు. సగం చుట్టు అయ్యేసరికి కల్యాణి వెనక నుంచి నాలుగోది.

“ఏంటండీ మాస్టారూ, ఇది వెనకబడిపోయింది?” అంది బసవమ్మ కింద నుంచి. ఆమెకు గోడ అవతల సరిగ్గా కనిపించడం లేదు.

నేను ఫోనులో టైం చూశాను. మొదటి చుట్టు 158 సెకన్లు. ఆమె మా గోడ ముందు నుంచి వెళ్ళింది. ముందున్న వాళ్ళు నోళ్ళు తెరుచుకుని పోతున్నారు. ఈమె పెదవులు కదులుతున్నాయి.

“మీ అమ్మాయి దేవుణ్ణి తలుచుకుంటన్నట్టుందండీ,” అన్నాడు దుర్గాప్రసాద్. “మా అమ్మాయి ఆంజనేయస్వామి భక్తురాలు. మీది ఏ స్వామి?”

“పంతొమ్మిదో ఎక్కమండీ.”

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి కొంచెం పక్కకు జరిగాడు.

రెండో చుట్టు 157. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక మాట, చిన్న విరామం, ఇంకో మాట. తెగింది. రోజీ ఎందుకు సంతోషపడేదో నాకు అప్పుడు తెలిసింది. తెగడమంటే ఆమె సరిగ్గా ఉండవలసిన చోట ఉందన్నమాట. ముందు దూకిన వాళ్ళు ఒక్కొక్కరూ చేతులు వేలాడేసి వెనక్కి వస్తున్నారు. కల్యాణి వాళ్ళను దాటడం లేదు, వాళ్ళే ఆమె దగ్గరికి వచ్చి వెనకబడుతున్నారు. మూడో చుట్టు 155. మొత్తం 470 సెకన్లు అయ్యాయి. మిగిలింది 160.

నాలుగో చుట్టు మొదట్లో మా ముందు నుంచి వెళ్ళినప్పుడు పెదవులు చూశాను. కదలడం లేదు. నోరు తెరుచుకుని ఉంది. ఎక్కం ఆగింది. ఇక తగ్గించమని కూసేది ఏదీ లేదు. ఆమె తగ్గించలేదు. మోచేతులు వెనక్కి పోయాయి, అడుగు పొడుగైంది. అవతలి వైపు మలుపులో ముగ్గురిని ఒకేసారి దాటింది. నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు. బసవమ్మ తరువాత చెప్పింది, ‘నూట తొంభై, నూట తొంభై’ అని అరిచానట. ఎక్కం చివరి వరస అది.

గీత దాటేసరికి నా ఫోనులో పది నిమిషాల పదిహేడు సెకన్లు. చివరి చుట్టు 147.

“అయిందా?” అంది బసవమ్మ.

“అయింది.”

“లోపలేనా?”

“పదమూడు సెకన్లు లోపల.”

ఆమె గిన్నె కింద పెట్టి అక్కడే కూర్చుంది. దుర్గాప్రసాద్ మళ్ళీ నా దగ్గరికి జరిగాడు. వాళ్ళమ్మాయి కూడా గట్టెక్కింది. “మాస్టారూ, ఆ ఎక్కమేదో మా చిన్నమ్మాయికి కూడా రాసియ్యండి,” అన్నాడు. నిజంగానే ఒక కాగితం చాపాడు. పంతొమ్మిది ఒకట్ల నుంచి పదుల దాకా రాసిచ్చాను, ఎలా వాడాలో కింద రెండు వాక్యాలు రాశాను.

గంట తరువాత కల్యాణి బయటికి వచ్చింది. మిగతా పరీక్షలు కూడా అయిపోయాయి. బోర్డు మీద ఆమె నంబరు ఎదురుగా 10:17 అని ఉందని చెప్పింది. నా ఫోనులో ఉన్నదే.

“నూట డెబ్భై ఒకటి దగ్గర ఆగిందండీ,” అంది. “అంటే తొమ్మిదుల దగ్గర. మళ్ళీ చెబుదామనుకున్నాను, రాలా. అప్పుడు, ఇంక మేడం చూసుకుంటదిలే అనుకుని వదిలేశాను.”

బసవమ్మ కూతురి నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టింది. “చెయ్యి చెవికి అందకపోయినా, కాళ్ళు అందినయ్యి,” అంది.

“తలకాయ వంచకుండానే అందినయ్యమ్మా,” అంది కల్యాణి నోటినిండా అన్నంతో.

ఫైనల్ రాత పరీక్షలో కూడా ఆమె నెగ్గింది. ఎంపిక జాబితాలో పేరు వచ్చిన మర్నాడు ఉదయం నేను గ్రౌండుకు వెళ్ళేసరికి పదమూడు మంది ఉన్నారు. సింధూర వాళ్ళను వరసలో నిలబెట్టింది. ఒకామెకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు, చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చింది. ఒకామె చెప్పులు లేకుండా వచ్చింది.

“ముందు పంతొమ్మిదో ఎక్కం ఎంతమందికొచ్చో చేతులెత్తండి,” అంది సింధూర.

ఇద్దరే ఎత్తారు. ఆ ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్ళు.

“చూశారా మాస్టారూ,” అంది సింధూర. “ముందు మీ పరీక్షే ఫెయిలయ్యారు.”

అది నేర్పడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజున కొలతలు మొదలుపెట్టాం. రోజీ పుస్తకంలో ఇంకా నలభై తెల్ల పేజీలు ఉన్నాయి. ప్రతి పేజీ మీదా పేరు, మూడు గళ్ళు, సా, తె, ఆ. వయసు రాయలేదు. బెల్టు ఉన్నా మొదటి కొలత రెండు వేళ్ళతోనే తీస్తాం. కల్యాణి ట్రైనింగుకు వెళ్ళేదాకా వచ్చి ఆ పదమూడు మందికీ మెడ దగ్గర ఎక్కడ తాకాలో నేర్పింది. అంకెలు ఎవరివీ కలవలేదు. ముప్పై ఏళ్ళావిడకు 170 దగ్గర తెగితే, ఇరవై రెండేళ్ళ అమ్మాయికి 151 దగ్గరే తెగింది. ప్రతి అంకె రాస్తున్నప్పుడూ రోజీ రెండో పేజీలో రాసినది నిజమవుతోంది. ఒక మనిషి మాట నిజమని ఋజువవుతుండగా పక్కన నిలబడటం మంచి పని. ఉదయాలు నాకు బాగానే గడుస్తున్నాయి.

పాండురంగారావు నిన్న మళ్ళీ ఫోను చేశాడు. “మాస్టారూ, జూన్ ఒకటి వేసెయ్యమంటారా?” అన్నాడు.

వద్దన్నాను. నా చేత్తో మరొక జూన్ ఒకటి వేయను.

గుడివాడ వెళ్ళి రిజిస్టరు ఇంకా చూడలేదు. రోజీ పలక మీద పోయిన తేదీ ఉంది, పుట్టిన తేదీ ఇంకా లేదు.